దేవదూతలు: తొలి క్రైస్తవ విశ్వాసం, కళ, తెలుగు పదం

ఉపోద్ఘాతం

ఒక మతభావన పుట్టిన దేశం విడిచి మరొక దేశానికి ప్రయాణం చేసినప్పుడు దానికి రెండు అవసరాలు ఏర్పడతాయి. కొత్త నేలలో దానికి ఒక పేరు కావాలి. చూడగోరే కంటికి ఒక రూపం కావాలి. పేరు తప్పితే అర్థం తప్పుతుంది. రూపం తప్పితే ఆరాధన తప్పుతుంది. దేవదూతల భావన ఈ రెండు పరీక్షలనూ అనేక పర్యాయాలు ఎదుర్కొన్నది. తొలి క్రైస్తవులు, అందులోనూ రెండు సామ్రాజ్యాల సరిహద్దుల్లో నివసించినవారు, ఆ పరీక్షను ఎలా ఎదుర్కొన్నారో, అదే పరీక్ష తెలుగు నేలలో ఎలా పునరావృతమైందో స్థూలంగా పరిశీలించడం ఈ వ్యాసలక్ష్యం.

ఈ విషయాన్ని ఎన్నుకోవడానికి కారణం లేకపోలేదు. గోదావరిఖని నలుమూలల నుంచి వచ్చినవారితో ఏర్పడిన ఊరు. బొగ్గుగనుల వెంట వచ్చి స్థిరపడిన కుటుంబాల పిల్లలు ఒకే తరగతిలో కూర్చుంటారు. ఒకే భావానికి ఒకరు 'ఫరిష్తా' అంటారు, ఒకరు 'దైవదూత' అంటారు, మరొకరు 'దేవదూత' అంటారు. ఈ సందర్భంలో రెండు అభిప్రాయాలు తరచుగా వినిపిస్తాయి. 'అన్ని మతాల్లోనూ ఉన్నది ఒకటే, పేర్లే వేరు' అన్నది మొదటిది. 'మా ధర్మంలోని మాటకు తెలుగులో మాట లేదు. దేవశబ్దం చేరితే తౌహీద్‌కే భంగం' అన్నది రెండవది. మొదటిది ఔదార్యంగా కనిపిస్తుంది, రెండవది నిష్ఠగా కనిపిస్తుంది. అయితే రెండూ పరిశీలనకు నిలిచేవేనా అన్నది ప్రశ్న. తెలుగూ ఉర్దూ కలిసి చదివే కళాశాలలో ఈ ప్రశ్న కేవలం పాండిత్యానికి సంబంధించింది కాదు. మన పిల్లలు తమ విశ్వాసాన్ని తాము చదువుకునే భాషలో చెప్పుకోగలరా, లేదా అన్నది దానిమీద ఆధారపడి ఉంది.

పదవిచారం

హీబ్రూ భాషలో దేవదూతను 'మలాఖ్' అంటారు. ఆ మాటకు మూలార్థం 'పంపబడినవాడు'. అరబ్బీలోని 'మలక్' దానికి సోదరపదం, బహువచనం 'మలాయికా'. గ్రీకులో 'ఆంగెలోస్' అంటే వార్త తెచ్చేవాడు. లాటిను, ఆంగ్ల పదాలు దానినుంచే వచ్చాయి. ఉర్దూలో మనం నిత్యం వాడే 'ఫరిష్తా' పారశీక పదం. దానికీ 'పంపబడినవాడు' అనే అర్థం. దక్కన్ చరిత్ర చదివే విద్యార్థులకు బీజాపూరు ఆస్థానంలో గ్రంథరచన చేసిన ముహమ్మద్ ఖాసిం ఫరిష్తా పేరు ఈ సందర్భంలో జ్ఞాపకం రావచ్చు. ఇక సంస్కృతం నుంచి తెలుగులోకి వచ్చిన 'దూత' శబ్దానికి అర్థం వేరుగా చెప్పనక్కరలేదు.

హీబ్రూ, అరబ్బీ, గ్రీకు, పారశీక, సంస్కృత పదాలు ఐదూ ఒకే సంగతి చెబుతున్నాయి. ఆ మాటల్లో ఎక్కడా రెక్కలు లేవు, కాంతి లేదు, అందం లేదు. ఉన్నది ఒక పని మాత్రమే. ఒకరు పంపారు, మరొకరు వెళ్లారు. నాలుగు, ఐదు శతాబ్దుల్లో జీవించిన క్రైస్తవ పండితుడు అగస్టీన్ ఈ సూక్ష్మాన్ని గుర్తించాడు. ఆయన అభిప్రాయంలో ఆంగెలోస్ అన్నది ఉద్యోగాన్ని తెలిపే పేరేగాని స్వభావాన్ని తెలిపే పేరు కాదు. స్వభావం అడిగితే ఆత్మ అని చెప్పాలి, ఉద్యోగం అడిగితే దూత అని చెప్పాలి. తెలుగు పదాల చర్చలో ఈ భేదం మనకు మళ్లీ ఎదురవుతుంది.

తొలి క్రైస్తవుల విశ్వాసం

తొలి క్రైస్తవులకు దేవదూతల భావన యూదుల ధర్మగ్రంథాల నుంచి సంక్రమించింది. అబ్రాహాము గుడారం ముందు ముగ్గురు మనుష్యులు నిలబడతారు. యాకోబు స్వప్నంలో నేలనుంచి ఆకాశానికి నిచ్చెన కనిపిస్తుంది. దూతలు దానిపై ఎక్కుతూ దిగుతూ ఉంటారు. దానియేలు గ్రంథంలో అగ్నిగుండంలో పడవేయబడిన ముగ్గురు యువకుల నడుమ నాలుగవ మూర్తి కనిపిస్తుంది. సువార్తల్లో గబ్రియేలు మరియమ్మకు వార్త తెస్తాడు. వీటిలో చాలాచోట్ల దూత మనిషివలెనే కనిపిస్తాడు. అపొస్తలుల కార్యాల ప్రారంభంలో క్రీస్తు ఆరోహణ సమయాన నిలిచినవారిని తెల్లని బట్టలు ధరించిన ఇద్దరు మనుష్యులని మాత్రమే గ్రంథం పేర్కొంటుంది. రెక్కల ప్రస్తావన ప్రధానంగా యెషయా దర్శనంలోని ఆరు రెక్కల సెరాపులకు, యెహెజ్కేలు దర్శనంలోని కెరూబులకు పరిమితం.

విశ్వాసంతోపాటు ఒక భయం కూడా తొలినాళ్లనుంచే ఉండేది. దూతకు ప్రాధాన్యం పెరిగితే పంపినవాని స్థానం మరుగున పడుతుందన్నది ఆ భయం. కొలొస్సయులకు వ్రాసిన పత్రికలో దేవదూతల ఆరాధనను గురించిన హెచ్చరిక కనిపిస్తుంది. ప్రకటన గ్రంథం చివర యోహాను దూత పాదాలపై పడబోతే దూత వారిస్తాడు. తానూ తోటి సేవకుడనేనని చెబుతాడు. నాలుగవ శతాబ్దిలో ఆసియా మైనరులోని లవొదికయలో జరిగిన సభ, సంఘాన్ని విడిచి దేవదూతల నామాలను పిలిచే ఆచారాన్ని తన 35వ సూత్రంలో నిషేధించింది. నిషేధించవలసి వచ్చిందంటే ఆచారం ప్రబలంగా ఉండేదని వేరే చెప్పనక్కరలేదు. ఐదవ శతాబ్దిలో సిరియా దేశస్థుడైన థియోడొరెట్ కూడా ఫ్రుగియ, పిసిదియ ప్రాంతాల్లో ఆ అలవాటు చాలాకాలం నిలిచిందని వ్రాశాడు.

కాబట్టి తొలి క్రైస్తవుల సమస్య దేవదూతలు ఉన్నారా లేరా అన్నది కాదు. దూతను దూతగానే నిలపడం ఎలా అన్నదే వారి సమస్య.

యూఫ్రటీసు తీరంలో

ఈ సమస్య సరిహద్దు ప్రాంతాల్లో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. నేటి సిరియాలో, యూఫ్రటీసు నదీతీరాన దూరా యూరోపస్ అనే పట్టణం ఉండేది. గ్రీకులు నిర్మించిన ఆ పట్టణం పార్థియనుల చేతినుంచి రోమనుల వశమైంది. క్రీ.శ. 256 ప్రాంతంలో సాసాను పారశీకులు దానిని జయించాక అది నిర్మానుష్యమైంది. ముట్టడికి ముందు రోమను సైనికులు కోటగోడను బలపరచడానికి గోడ పక్క వీధిలోని ఇళ్లను మట్టితో నింపివేశారు. భూగర్భగనుల్లో బొగ్గు తీసిన ఖాళీని ఇసుకతో నింపే పద్ధతి మన ప్రాంతంవారికి సుపరిచితమే. దూరాలో అలా నింపిన మట్టి, గోడలమీది చిత్రాలను సుమారు పదిహేడు వందల ఏళ్లు కాపాడింది. 1920, 1930 దశకాల్లో జరిగిన తవ్వకాల్లో ఆ వీధి బయటపడింది.

ఆ వీధిలో ఒక ఇల్లు క్రైస్తవుల ప్రార్థనాస్థలం. అందులో బాప్తిస్మానికి ప్రత్యేకించిన గది ఒకటి ఉంది. ఇంతవరకు లభించిన క్రైస్తవ ప్రార్థనాస్థలాల్లో మిక్కిలి ప్రాచీనమైనవాటిలో అది ఒకటి. ఆ గదిగోడమీద స్త్రీలు చేత దివిటీలు పట్టుకొని ఒక పెద్ద తెల్లని రాతిపెట్టెవైపు నడుస్తున్నారు. ఆ పెట్టె మూతకు రెండు చివరలా రెండు నక్షత్రాలు చిత్రించబడి ఉన్నాయి. అది క్రీస్తు సమాధి అని, వారు తెల్లవారుజామున అక్కడికి వెళ్లిన స్త్రీలని చాలామంది పండితులు వివరించారు. సువార్త ప్రకారం సమాధివద్ద దూతలు ఉండాలి. చిత్రంలో దూతల మూర్తులు లేవు, నక్షత్రాలున్నాయి. అందుచేత ఆ నక్షత్రాలే దూతల గుర్తులని కొందరు భావించారు. ఆ స్త్రీలు పెండ్లికుమారునికి ఎదురేగిన కన్యకలని చెప్పే పండితులూ ఉన్నారు. మొదటి వ్యాఖ్యానమే సరైనదైతే, ఆ సరిహద్దు పట్టణంలోని చిత్రకారుడు దూతకు ముఖం ఇవ్వక వెలుగును మాత్రమే ఇచ్చాడని చెప్పవలసి ఉంటుంది.

అదే వీధిలో కొంతదూరాన యూదుల ప్రార్థనామందిరం ఉంది. దాని గోడచిత్రాలు క్రీ.శ. 245 ప్రాంతానివి. అక్కడ యాకోబు నిచ్చెన చిత్రం చాలావరకు శిథిలమైంది. అయినా నిచ్చెన ఎక్కే మూర్తులు పారశీకుల వేషంలో ఉన్నట్లు తెలుస్తుంది. చిత్రకారుడు నివసించింది రోమను పాలనలో, కాని ఘనమైన ఆస్థానపు ఉద్యోగి ఎలా ఉంటాడో ఊహించినప్పుడు అతని మనసులో మెదిలింది పారశీక వేషం. పొరుగువాని వేషం తీసుకున్నాడేగాని పొరుగువాని దేవుణ్ణి తీసుకోలేదు. సరిహద్దు నేలల కళకు ఇది కీలకమైన సూత్రమని మా అభిప్రాయం.

రెక్కలు వచ్చిన విధం

రోములో కూడా తొలి చిత్రాల్లో దూతలకు రెక్కలు లేవు. ప్రిస్కిల్లా భూగర్భ సమాధుల్లో, గబ్రియేలు మరియమ్మకు వార్త చెప్పే దృశ్యంగా భావించే చిత్రం ఒకటి ఉంది. అందులో దూత నిలువుటంగీ ధరించిన సాధారణ పురుషుడు. నాలుగవ శతాబ్దికి చెందిన వయా లాటినా సమాధుల్లో అబ్రాహాము అతిథులకు, యాకోబు నిచ్చెనపై దూతలకు కూడా రెక్కలు కనిపించవు. దూతలు రెక్కలు గలవారని క్రైస్తవులు నమ్మలేదా అంటే, నమ్మినవారున్నారు. క్రీ.శ. 200 ప్రాంతంలోనే టెర్టులియన్ అనే రచయిత ప్రతి ఆత్మకూ రెక్కలుంటాయన్న అభిప్రాయం వెలిబుచ్చాడు. నమ్మినా చిత్రించలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. ఆనాటి నగరాల్లో ప్రతి కూడలిలోనూ రెక్కల మూర్తులున్నాయి. గ్రీకులు నైకీ అనీ, రోమనులు విక్టోరియా అనీ పూజించిన విజయదేవత రెక్కలు గలది. రెక్కలు చిత్రిస్తే చూసేవాడు దూతను చూడడు, దేవతను చూస్తాడు.

నాలుగవ శతాబ్ది చివరకు పరిస్థితి మారింది. సామ్రాజ్యం క్రైస్తవమతాన్ని స్వీకరించింది, దేవతల ఆలయాలు క్రమంగా మూతపడ్డాయి. అపార్థానికి అవకాశం తగ్గిన తర్వాతనే దూతలకు రెక్కలు వచ్చాయి. ఇస్తాంబూలులోని సారిగూజెల్ పేటలో దొరికిన రాతిశవపేటికపై రెక్కల దూతలిద్దరు క్రీస్తు నామచిహ్నాన్ని మోస్తూ ఎగురుతున్నారు. అది ఆ శతాబ్ది చివరినాటిది. రోములోని శాంతా మరియా మజోరె ఆలయంలో 432-440 మధ్య కూర్చిన రంగురాళ్ల చిత్రాల్లో రెక్కల దూతలు స్థిరపడ్డారు. విజయదేవత వద్ద ఉన్న రెక్కలు దూతకు దక్కాయి, దేవతాత్వం మాత్రం దక్కలేదు. పూర్వం దేవతకు సొంతమైన రెక్కలు ఇప్పుడు సేవకుని వేగానికి గుర్తు అయ్యాయి.

ఇక్కడ మన శిల్పాన్ని ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకోవాలి. అమరావతి బౌద్ధశిల్పాల్లో ఆకాశచరులైన దేవతలు రెక్కలు లేకనే ఎగురుతారు. మడిచిన మోకాళ్లతో, ఒరిగిన దేహంతో శిల్పి గమనాన్ని స్ఫురింపజేశాడు. మన ప్రబంధాల్లోని సిద్ధులు, గంధర్వులు, విద్యాధరులు కూడా రెక్కలతో పనిలేనివారే. రెక్కల మూర్తులు గల యూరపు చిత్రాలు ఉత్తరభారతంలో ప్రభావం చూపినది మొగలుల కాలంలో. 1580లో జెసూట్ గురువులు అక్బరుకు బహుభాషా బైబిలును కానుకగా ఇచ్చారు. అందులోని, తర్వాత వచ్చిన ముద్రణల్లోని చిత్రాలను చూసి ఆస్థాన చిత్రకారులు రెక్కల దూతలను తమ సూక్ష్మచిత్రాల్లో చేర్చారు.

సిరియా నుంచి దక్షిణానికి

సరిహద్దు క్రైస్తవుల్లో సిరియా భాషీయులు ప్రత్యేకంగా పేర్కొనదగినవారు. వారి మహాకవి ఎఫ్రేము నిసిబిస్ పట్టణవాసి. 363లో ఆ పట్టణం పారశీకుల వశం కాగా ఆయన ఎడెస్సాకు తరలివెళ్లి అక్కడ 373లో మరణించాడు. జీవితమంతా సరిహద్దు యుద్ధాల నడుమ గడచిన ఆ కవి దేవదూతలను 'మేల్కొని ఉండేవారు' అనే పేరుతో తరచుగా పిలిచాడు. మూలం దానియేలు గ్రంథంలో ఉన్నా, ముట్టడికి గురైన పట్టణంలో ఆ మాటకు ఎంత బలం ఉంటుందో ఊహించవచ్చు. కోటగోడమీద రాత్రంతా మేలుకొనే కావలివానివల్లనే లోపల పిల్లలు నిద్రపోతారు. మనుషులు వంతులవారీగా రాత్రి షిఫ్టుకు దిగే ఈ ఊరిలోనూ ఆ పదం అర్థం కానిదేమీ కాదు.

ఆ సిరియా భాషే కేరళ క్రైస్తవులకు ఆరాధనభాష అయింది. అందుచేత మలయాళంలో దేవదూతను నేటికీ 'మాలాఖ' అంటారు. అది సిరియా పదమే. అక్కడ మాటను ఉన్నదున్నట్లు నిలుపుకొన్నారు. తెలుగువారు మరో మార్గం పట్టారు.

తెలుగు పదాల ఎంపిక

తెలుగునేలలో క్రైస్తవరచన పద్దెనిమిదవ శతాబ్దిలో ఆరంభమైంది. మంగళగిరి ఆనందకవి క్రీస్తు చరిత్రను 'వేదాంత రసాయనము' అనే పద్యకావ్యంగా రచించాడు. జర్మను ప్రచారకుడు బెంజమిన్ షుల్జ్ మద్రాసులో ఉండి బైబిలు అనువాదానికి పూనుకొన్నాడు. ఆయన స్వదేశానికి తిరిగివెళ్లిన తర్వాత హాలే నగరంలో 1746-47లో తెలుగు పుస్తకాలు ముద్రించాడు. 1805లో లండను మిషనరీలు క్రాన్, డెగ్రాంజెస్ విశాఖపట్టణం చేరి సువార్తల అనువాదం చేపట్టారు.

ఈ అనువాదకుల సమస్యను ఊహించండి. ఆకాశవాసులకు తెలుగులో పదాల కొరత లేదు. దేవతలు, గంధర్వులు, కిన్నరులు, సిద్ధులు, సాధ్యులు అనే పదాలన్నీ చేతికందే దూరంలోనే ఉన్నాయి. వీటిలో దేనిని తీసుకున్నా కొలొస్సయిలో వచ్చిన చిక్కే వస్తుంది. తెలుగు క్రైస్తవులు చివరకు రెండు పదాలు స్థిరపరచుకొన్నారు.

కథోలికులు 'సన్మనస్కుడు' అన్నారు. కాపాడే దూతను 'కావలి సన్మనస్కుడు' అన్నారు. పొరుగున తమిళ కథోలికులు వాడిన 'సమ్మనసు' దీనికి తోబుట్టువు. ప్రొటెస్టెంట్ల బైబిలులో 'దూత', 'దేవదూత', 'ప్రధానదూత' అనే పదాలు నిలిచాయి. సన్మనస్కుడంటే మంచి మనస్సు గలవాడు, అది స్వభావాన్ని చెప్పే పేరు. దూత అన్నది ఉద్యోగాన్ని చెప్పే పేరు. అగస్టీన్ చూపిన భేదం తెలుగులో రెండు సంఘాల రెండు పదాలుగా విడివడి కనిపించడం గమనార్హం.

దూత అన్నమాట తెలుగు శ్రోతకు కొత్తది కాదు. రాయబారం పద్యనాటకం చూడనివారు పల్లెల్లో అరుదు. లంకలో హనుమంతుణ్ణి చంపబోతే, దూతను చంపరాదని విభీషణుడు వారించిన కథ ప్రతివారికీ తెలుసు. దూత మాట తన సొంత మాట కాదు; అతని గౌరవం పంపినవాని గౌరవం; అతనికి జరిగిన అవమానం పంపినవానికి జరిగిన అవమానం. ఈ ధర్మాలన్నీ ఆ ఒక్క పదంతోపాటు ఉచితంగా లభించాయి. అయితే తెలుగులో యమదూత కూడా ఉన్నాడు. దూత మంచివాడా, భయంకరుడా అన్నది పంపినవానిబట్టి తెలుస్తుంది. అందువల్ల అనేక సందర్భాల్లో కేవలం దూత అంటే చాలదు, ఎవరి దూత అన్నది చెప్పాలి.

ఇక్కడ వ్యాకరణం మనకు తోడ్పడుతుంది. 'దేవదూత' షష్ఠీ తత్పురుష సమాసం. దేవుని యొక్క దూత అని విగ్రహవాక్యం. తత్పురుషంలో ఉత్తరపదార్థానికి ప్రాధాన్యమని విద్యార్థులు చదివే ఉన్నారు. రాజదూత రాజు కానట్లే దేవదూత దేవుడు కాడు. సమాసంలో దేవశబ్దం ఉన్నంతమాత్రాన దూతకు దేవత్వం రాదు సరికదా, తాను ఒకరికి చెందినవాడనే పరాధీనత స్పష్టమవుతుంది. తౌహీద్‌కు భంగమని శంకించే పెద్దలు ఈ అంశాన్ని ఆలోచించవలసిందిగా మనవి.

తెలుగులో ఇస్లామీయ గ్రంథాలు వ్రాసినవారు 'దైవదూత' పదాన్ని విరివిగా స్వీకరించారు. ఖుర్‌ఆన్‌ను తెలుగులోకి తెచ్చిన తొలితరంలో చిలుకూరి నారాయణరావు వంటి ముస్లిమేతర పండితుడు ఉండడం మన భాషకు గౌరవం. దేవుడు అన్న మాటకు దేవి, దేవత అనే స్త్రీరూపాలున్నాయి. దైవశబ్దానికి అటువంటి జంట లేదు. దైవదూత పదం ముస్లిం రచయితలకు ప్రియమవడానికి ఇది కూడా కారణమై ఉంటుందని మా ఊహ.

మరొక విశేషం ఉంది. క్రైస్తవుల 'అపొస్తలుడు' అనే మాటకు గ్రీకులో అర్థం 'పంపబడినవాడు' అనే. అరబ్బీలో 'రసూల్' అర్థమూ అదే. తెలుగు బైబిలు అనువాదకులు దూతశబ్దాన్ని ఆకాశంనుంచి వచ్చినవారికి కేటాయించి, మనుషులైన శిష్యులకు గ్రీకుపదాన్నే నిలిపారు. తెలుగు ముస్లింలు మలక్‌కు దైవదూత, రసూల్‌కు దైవప్రవక్త, సందేశహరుడు అని పంచుకొన్నారు. అర్థం దగ్గరగా ఉన్న రెండు పదాలు ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా ఇరువురూ జాగ్రత్త వహించారు.

మెదక్, దోర్నకల్

పదం స్థిరపడిన చాలాకాలానికి తెలంగాణలో గొప్ప క్రైస్తవ కట్టడాలు వెలిశాయి. నిజాం రాజ్యంలో వెస్లియను మిషనుకు చెందిన చార్లెస్ వాకర్ పాస్నెట్ పూనికతో 1914లో మెదక్ మహాదేవాలయ నిర్మాణం మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. కరువుకాలంలో వేలాది పేదలకు పని, అన్నం దొరికిన కట్టడమది. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 175 అడుగుల గోపురం గల ఆ ఆలయంలో ప్రధానాకర్షణ రంగుటద్దాల కిటికీలు. క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం అనే మూడు ఘట్టాలను ఆంగ్ల చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించాడు. సువార్తకథలో జననానికి గొల్లలవద్ద దూత ఉన్నాడు, ఆరోహణానికి తెల్లబట్టల మనుష్యులున్నారు. విహారయాత్రకు వెళ్లే విద్యార్థులు గ్రంథం చదివి ఆ కిటికీలను చూడాలి. గ్రంథంలో ఏముంది, చిత్రకారుడు ఏమి చేర్చాడు అన్నది తామే సరిచూసుకోవాలి. అట్లే మరొక సంగతి గమనించాలి. రంగుటద్దానికి సొంత వెలుగు లేదు. బయట సూర్యుడున్నంతసేపే లోపల బొమ్మ కనిపిస్తుంది. దూతను గురించి తొలి క్రైస్తవులు చెప్పదలచినదీ ఇంతే.

దోర్నకల్ కథ మరొక విధం. సింగరేణి బొగ్గును మోసిన రైలుమార్గం ప్రధానమార్గంలో కలిసే కూడలి అది. 1912లో బిషప్పు పదవి స్వీకరించిన వి.యస్. అజరయ్య, ఆంగ్లికను సంఘంలో బిషప్పు అయిన తొలి భారతీయుడు. ఆయన సంకల్పించిన మహాదేవాలయం 1939లో ప్రతిష్ఠితమైంది. మెదక్‌లో ఆంగ్లదేశపు రీతి ప్రధానం కాగా, దోర్నకల్‌లో హిందూ ఆలయ స్తంభాలు, ముస్లిం కట్టడాల గుమ్మటాలు, మీనారులు కలిసి ఉన్నాయి. దూరా చిత్రకారుడు పారశీక వేషం తీసుకున్నట్లే, ఇక్కడి శిల్పులు పొరుగువారి స్తంభాన్నీ గుమ్మటాన్నీ తీసుకున్నారు, విశ్వాసం తమదే. ఆ ఆలయం పేరు ఎపిఫనీ. తూర్పుదేశపు జ్ఞానులకు నక్షత్రం దారిచూపిన ఘట్టానికి జరిగే పండుగ పేరది. డిసెంబరులో మన ఊరి క్వార్టర్లముందు క్రైస్తవ కుటుంబాలు వేలాడదీసే కాగితపు నక్షత్రం కూడా ఆ ఘట్టానిదే. దూరా గోడమీది నక్షత్రాలు దూతలే అయితే, ఆ గుర్తుకు చాలా దూరపు బంధువు మన వీధిలోనే ఉన్నట్లు.

పోలిక, భేదం

ఇప్పుడు మొదట చెప్పిన రెండు అభిప్రాయాలను మళ్లీ చూద్దాం. 'అంతా ఒకటే' అన్న మాట నిలవదు. అబ్రాహాము అతిథులనే తీసుకోండి. బైబిలు ఆదికాండంలో వారు ఆయన పెట్టిన భోజనం తింటారు. ఖుర్‌ఆన్‌లోని హూద్ సూరాలో హజ్రత్ ఇబ్రాహీం కాల్చిన దూడమాంసం తెచ్చిపెడితే వారి చేతులు దానివైపు సాగవు, ఆయన శంకిస్తారు. ఒకే కథలో ఈ చిన్నభేదం చిన్నది కాదు. దైవదూతలకు ఆకలిదప్పులు లేవన్న ఇస్లామీయ విశ్వాసం అందులో ఇమిడి ఉంది. ఫాతిర్ సూరా దైవదూతలకు రెండేసి, మూడేసి, నాలుగేసి రెక్కలున్నాయని చెబుతుంది. అయినా మస్జిదులో దైవదూత బొమ్మ ఉండదు. రెక్కలు నమ్మి చిత్రించని తొలి క్రైస్తవుల జాగ్రత్త ఇక్కడ శాశ్వతనియమం అయింది. మనిషి కర్మలను వ్రాసే కిరామన్ కాతిబీన్‌నూ, యమసభలోని చిత్రగుప్తుణ్ణీ పోల్చవచ్చు. వ్రాతపని ఒకటే. కాని వీరు మనిషివెంటనే ఉండి వ్రాస్తారు, ఆయన యముని కొలువులో లెక్కచూస్తాడు. బౌద్ధులకు కూడా దేవదూతలున్నారు. పాలీ మజ్ఝిమనికాయంలోని దేవదూతసుత్తంలో ముసలితనం, రోగం, మరణం వంటివే మనిషిని హెచ్చరించే దేవదూతలు. పదం ఒకటే అయినా ప్రపంచం వేరు.

'తెలుగులో చెప్పలేము' అన్న మాట కూడా నిలవదు. గ్రీకుభాషలో ఆంగెలోస్ అన్నది క్రైస్తవులు పుట్టించిన పదం కాదు, వీధిలో వార్తాహరునికి ఉన్న పేరు. ఫరిష్తా అన్నది కూడా ఇస్లాం ఇరానుకు రాకముందునుంచీ ఉన్న పారశీకపదమే. దానిని ముస్లింలు నిస్సంకోచంగా తీసుకున్నారు. నేడు అది మన ఇళ్లలో స్వచ్ఛమైన ఇస్లామీయ పదంగా చలామణి అవుతోంది. పారశీకానికి చెల్లిన న్యాయం తెలుగుకు ఎందుకు చెల్లదు?

ఉపసంహారం

పై పరిశీలనవల్ల కొన్ని విషయాలు తేటపడుతున్నాయి. తొలి క్రైస్తవులు దూతను దేవతగా పొరబడే ప్రమాదం ఉన్నంతకాలం రెక్కలు చిత్రించలేదు. ఆ ప్రమాదం తగ్గాక పొరుగువారి రూపాన్నే స్వీకరించి అర్థం మార్చారు. తెలుగు అనువాదకులు అదే జాగ్రత్తతో గంధర్వశబ్దాన్ని విడిచి దూతశబ్దాన్ని ఎన్నుకొన్నారు. తెలుగు ముస్లిం రచయితలు దైవదూత అన్నప్పుడు చేసినదీ అదే. పొరుగువారి మాట తీసుకోవడంవల్ల ఎవరి విశ్వాసమూ పలచబడలేదు. ఏ అర్థంలో తీసుకుంటున్నామో తెలియకుండా తీసుకుంటేనే ప్రమాదం.

కనుక విద్యార్థులకు మా సూచన ఇది. ఉర్దూలో ఫరిష్తా అని వ్రాయండి, తెలుగులో దైవదూత అనో దేవదూత అనో సంకోచం లేకుండా వ్రాయండి. వ్రాసేముందు విగ్రహవాక్యం చెప్పుకోండి. పక్కబల్లమీది మిత్రుడు అదే మాట వాడినప్పుడు అతని గ్రంథంలో దానికి ఉన్న అర్థం అతన్నే అడిగి తెలుసుకోండి. కళాశాల కార్యవర్గంవారు గ్రంథాలయంలో ఖుర్‌ఆన్, బైబిలు, బౌద్ధ వాఙ్మయాల తెలుగు అనువాదాలను ఒకే బీరువాలో పక్కపక్కన ఉంచగలిగితే, ఈ వ్యాసంలో మేము చేసిన పనిని విద్యార్థులు ఇంతకంటె బాగా చేయగలరని మా విశ్వాసం.